సారంగధర కథయందు విధిపాలెంత?



మన పల్లెలలో భాగవతులు సారంగధర కథ నాడిన రాత్రి, ఆట ముగిసి జనులు చాపలు చుట్టుకొని ఇండ్లకు మరలునప్పుడు వారి నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "వాని తలవ్రాత అట్లున్నది, ఎవరేమి చేయగలరు?" నింద వేసిన సవతితల్లిని నాలుగు తిట్లు తిట్టుదురు. కన్నకొడుకు కాలుసేతులు నరికించిన తండ్రిని గూర్చి మాత్రము పెద్దగా ఏమియు అనరు. తక్కినదంతయు బ్రహ్మదేవుని ఖాతాలో వ్రాసివేసి నిద్రపోవుదురు. నేటి ప్రసంగమునకు ఆ మాటయే విషయము. ఈ కథయందు దైవము చేసిన పని యెంత, మనుష్యులు చేసిన పని యెంత? ఈ లెక్క తేల్చుటకు ప్రయత్నింతును.

కథ మీరెఱిగినదే. అయినను ఒకసారి జ్ఞాపకము చేయుట మంచిది. రాజమహేంద్రవరమునేలు రాజరాజనరేంద్రునకు రత్నాంగియందు పుట్టిన కుమారుడు సారంగధరుడు. చిత్రాంగి ఆ రాజునకు మఱియొక భార్య, వయసున చిన్నది. రాజు వేటకు పోయిన దినమున సారంగధరుడు పావురములనెగురవేసి ఆడుచుండగా, అతని పావురము చిత్రాంగి మేడపై వ్రాలినది. దానికొఱకు ఆ మేడకు పోవలదని చెలికాడు సుబుద్ధి వారించెను. తల్లి యింటికి పోవుటకు వెఱపేల యని సారంగధరుడు పోయెను. చిత్రాంగి తన మోహమును వెల్లడించెను. అతడు నీవు తల్లివని చెప్పి త్రోసిపుచ్చి వచ్చెను. రాజు మరలివచ్చినంతనే ఆమె నేరమును తలక్రిందులుగా చెప్పెను. రాజు విచారింపక కుమారుని కాలుసేతులు ఖండింపుడని యాజ్ఞ యిచ్చెను. తలవరులు ఊరివెలుపలి కొండకు కొనిపోయి ఆ పని నెఱవేర్చిరి. పిమ్మట ఆకాశవాణి నిజము పలికెను. ఒక సిద్ధుడు వచ్చి తెగిన యవయవములను మరల మొలిపించెను. రాజమహేంద్రవరమున సారంగధరుని మెట్ట యని ఒక గుట్టను నేటికిని చూపుదురు.

ఈ కథకు చరిత్రాధారము లేదని ముందుగానే మనవి చేయుచున్నాను. రాజరాజనరేంద్రుడు పదునొకండవ శతాబ్దివాడు. నన్నయభట్టుచేత భారతమును తెనిగింపజేసిన ప్రభువు. ఆయన కుమారుడు రాజేంద్రుడు 1070వ సంవత్సరమున చోళసింహాసనమెక్కి కులోత్తుంగచోడుడని ప్రసిద్ధుడయ్యెను. చరిత్రకారులు సారంగధరుని ఆయన కుమారునిగా అంగీకరింపరు. కాబట్టి మనము చర్చించునది కథలోని రాజును గూర్చియే గాని, భారతమునకు కృతిపతియైన ఆ మహారాజును గూర్చి కాదు.

మఱి ఈ కథ యెక్కడిది? దీనిని గోదావరీతీరపు కథగానే లోకము తలచును. కాని మనకు లభించుచున్న తెలుగు కావ్యములలో దీనిని విస్తరించి చెప్పిన ప్రాచీనకవి మన నల్లగొండ సీమతో సంబంధము కలవాడు. ఆయన గౌరనకవి, పదునైదవ శతాబ్దివాడు. రాచకొండ, దేవరకొండ దుర్గములనుండి ఏలిన రేచెర్ల వెలమప్రభువులకు ఆయన వంశమువారు మంత్రులు. హరిశ్చంద్రోపాఖ్యానమును రచించిన ఆ కవియే శ్రీశైలమందలి భిక్షావృత్తి మఠాధిపతి ప్రేరణచే నవనాథచరిత్రమను ద్విపదకావ్యమును చెప్పెను. తొమ్మండ్రు నాథసిద్ధుల చరిత్రమది. అందు సారంగధరుని కథ మాళవదేశమున నడచును. రాజు పేరు రాజమహేంద్రుడు. రాజమహేంద్రుడను పేరు విన్నవారికి రాజమహేంద్రవరము స్ఫురించి, క్రమముగా కథ గోదావరికి చేరియుండునని నాకు తోచుచున్నది. పదునేడవ శతాబ్దిలో తంజావూరి రఘునాథనాయకుని యాస్థానమున చేమకూర వేంకటకవి సారంగధరచరిత్రమును వ్రాయునాటికి రాజు రాజరాజనరేంద్రుడే అయినాడు.

గౌరనకు కావలసినది రాజు కథ కాదు, సిద్ధుని కథ. కాలుసేతులు తెగిపడియున్న కుమారుని మీననాథుడను సిద్ధుడు చేరదీసి, అవయవములు మొలిపించి, శిష్యునిగా స్వీకరించును. ఆ శిష్యుడే చౌరంగి యను నాథసిద్ధుడు. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని చెప్పబడు ఉమామహేశ్వరమును, పశ్చిమద్వారమగు అలంపురమును పాత మహబూబునగరము జిల్లాలోనివే. కృష్ణకు ఈవలి యొడ్డున నల్లమల యడవులలో సిద్ధుల గుహలను గూర్చియు, మూలికలను గూర్చియు, రసవాదమును గూర్చియు కథలు చెప్పుకొనని పల్లె లేదు. అట్టి నేలమీద పుట్టిన శ్రోతలకు తెగిన చేయి మొలుచుట నమ్మరాని వింత కాదు. కథకు రావలసిన ఫలశ్రుతి. అవయవచ్ఛేదము గౌరనకావ్యమున ముగింపు కాదు. శిష్యునకు గురువు దొరకుటకు ద్వారము. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో, కథయందలి దైవికాంశములు ఎందుకొఱకు చేరినవో తెలియగలదు.

ఇక ఆ దైవికాంశములను ఒక్కొక్కటిగా పరీక్షింతము. అవి నాలుగు: పావురము, పూర్వజన్మకథ, ఆకాశవాణి, సిద్ధుడు.

మొదటిది పావురము. సారంగధరుని విధియే పక్షిరూపమున చిత్రాంగి మేడపై వ్రాలినదని పామరులందురు, పండితులును అందురు. పావురము మేడలపై వ్రాలుట దాని స్వభావము. అది సారంగధరుని చేయిపట్టి లోనికి లాగలేదు. సుబుద్ధి మాట అతని చెవిని సోకినది. వినుటయు, వినకపోవుటయు అతని వశమున నుండెను. తన మనస్సు నిర్మలము గనుక లోకమును నిర్మలముగానే యుండునని అతడు నమ్మెను. అది పాపము కాదు, యౌవనపు టమాయకత్వము. అయినను దానిని విధి యనుటకు వీలులేదు.

రెండవది పూర్వజన్మకథ. ఈ కథకుగల కొన్ని రూపములలో, సారంగధరుడు వెనుకటి జన్మమున ఒక మంత్రియై, అసూయచే మఱియొకనిపై నింద మోపి వాని కాలుసేతులు నరికించెననియు, అట్లు నశించినవాడే ఈ జన్మమున చిత్రాంగియై పగ తీర్చుకొనెననియు చెప్పుదురు. ఇట్టిదే బౌద్ధుల అశోకావదానమునను కలదు. అశోకుని కుమారుడు కుణాలుడు సవతితల్లి తిష్యరక్షిత కుట్రచే కన్నులు పోగొట్టుకొనును. పూర్వజన్మమున అతడు వేటగాడై ఐదువందల లేళ్ల కన్నులు పొడిచినందున ఈ ఫలము కలిగెనని అందు చెప్పబడినది. చూడుడు, రెండుచోట్లను ఈ వివరణము ఎప్పుడు వచ్చుచున్నది? కార్యము జరిగినపిమ్మట. చిత్రాంగికి తాను పగ తీర్చుకొనుచున్నానని తెలియదు. రాజునకు తాను పూర్వజన్మపు తీర్పును అమలు జరుపుచున్నానని తెలియదు. ఆ కథ పాత్రలకొఱకు పుట్టినది కాదు, వినువారికొఱకు పుట్టినది. నిరపరాధికి ఇంత శిక్ష యేల యని శ్రోత కన్నీరు పెట్టుకొనగా, వాని కన్నీరు తుడుచుటకు కథకుడు తెచ్చిన సమాధానమది.

మూడవది ఆకాశవాణి. మీరిప్పుడు నా మాటలు వినుచున్న ఈ సంస్థకును ఆ పేరే గదా! మన యీ ఆకాశవాణి వేళకు పలుకును. కథలోని ఆకాశవాణి మాత్రము పని చెడినపిమ్మట పలుకును. తలవరి కత్తి ఎత్తకముందు ఒక్కమాట వినబడినయెడల కథయే లేదు. నాలుగవవాడగు సిద్ధుడును అట్లే. అంతయు ముగిసినపిమ్మటనే అతడు కొండమీదికి వచ్చును.

కాబట్టి లెక్క ఇట్లు తేలుచున్నది. నాలుగు దైవికాంశములలో ఒకటి, పావురము, కార్యమునకు ముందున్నది. అది ఎవ్వరిని నిర్బంధింపలేదు. తక్కిన మూడును కార్యమునకు తరువాతివి. చిత్రాంగి నింద పలికిన క్షణమునకును రాజు ఆజ్ఞ యిచ్చిన క్షణమునకును నడుమ దైవము లేదు, దయ్యము లేదు, శాపము లేదు, శకునము లేదు. అచ్చట ఉన్నవాడు రాజొక్కడే. ఆ కుమారుని పిలిచి, ఏమి జరిగినదని ఒక్కమాట అడుగుటకు కావలసినంత వ్యవధి ఆ నడుమ కలదు. కథ యంతయు ఆ వ్యవధియందే యున్నది.

ఇట్టి కథ మన దేశమునకే ప్రత్యేకము కాదు. క్రీస్తునకు పూర్వము 428వ సంవత్సరమున, గ్రీకుదేశపు ఆథెన్సు నగరమున యూరిపిడీసు కవి రచించిన హిప్పోలిటసు నాటకము ప్రదర్శింపబడెను. అందును సవతితల్లి ఫీడ్రా కుమారుని మోహించును. అందును నింద, అందును తండ్రి తొందరపాటు. కాని దైవమునకు అందు ఇచ్చిన స్థానము వేఱు. నాటకారంభముననే ఆఫ్రొడైటీ యను ప్రేమదేవత రంగమునకు వచ్చి, తన్ను పూజింపని హిప్పోలిటసును ఈ దినముననే నాశనము చేయుదునని ప్రేక్షకులతో చెప్పివేయును. ఫీడ్రా మోహము ఆ దేవత పెట్టినది. తండ్రి థీసియసు శపింపగా, సముద్రదేవుడు ఎద్దును పంపి రథపు గుఱ్ఱములను బెదరించును. కుమారుడు నేలబడి యీడ్వబడి ప్రాణాంతకముగా గాయపడును. ఆదియందు దేవత, మధ్యయందు శాపము, అంతమందు మఱియొక దేవత. విధి యనుటకు ఇంతకంటె సాక్ష్యము కావలయునా?

అయినను విచిత్రమేమనగా, అంతమందు వచ్చిన ఆర్టెమిసు దేవత తండ్రిని నీ తప్పేమియు లేదని ఓదార్చి ఊరకుండదు. ముందుగా మందలించును. నీవు రుజువునకై నిలువలేదు, జ్యోతిషులనడుగలేదు, కాలము గడవనీయలేదు. తొందరపడి శపించితివని చెప్పును. నాటకమంతటిని దేవతల చేతిలో పెట్టిన కవియే, తుదకు ఆ తండ్రి విచారింపకపోవుటను దేవతచేతనే ఎత్తి చూపించెను. ప్రేమదేవత పగ యెంత బలమైనదైనను, ఆ యొక్క విచారణ జరిగియుండిన, దానికి దారి యింత సులభముగా దొరకెడిది కాదు.

మన నాటకశాస్త్రము ఈ విషయమున వేఱొక మార్గమున పోయినది. రాచకొండ ప్రభువగు సింగభూపాలుడు సంస్కృతమున రసార్ణవసుధాకరమను లక్షణగ్రంథమును రచించెను. రంజకోల్లాసము, రసికోల్లాసము, భావోల్లాసమని దానికి మూడు భాగములు. నాటకలక్షణమును ఇంత సమగ్రముగా చెప్పిన గ్రంథమొకటి మన నల్లగొండ సీమ కొండకోటలో పుట్టినదని మన పిల్లలలో ఎందఱెఱుగుదురు? ఆయన చెప్పిన సంప్రదాయము భరతముని నాటినుండి వచ్చినది. నాయకుని వధ రంగమున చూపరాదు. నాటకపు చివరిసంధి అద్భుతరసముతో ముగియవలెను. ప్రేక్షకుడు ఆశ్చర్యముతోను, మంగళముతోను ఇల్లు చేరవలెను.

ఈ నియమమును పాటించినవారు దైవికాంశమును దేనికి వాడుకొనిరో తెలిసికొనుటకు శాకుంతలమును మించిన ఉదాహరణము లేదు. మహాభారతమున దుష్యంతుడు శకుంతలను ఎఱిగియు ఎఱుగనట్లు పలుకును. ఆకాశవాణి చెప్పినపిమ్మట అంగీకరించును. కాళిదాసు ఆ కథయందు దుర్వాసుని శాపమును కల్పించెను. ఆ శాపముచేత రాజునకు మఱపు కలిగినది గనుక, భార్యను త్రోసివేసిన దోషము అతనిది కాదు, శాపముది. ఎంత నేర్పు! ఒక్క శాపముతో నాయకుడు నిర్దోషి యయ్యెను. దైవికాంశము ఇచ్చట రాజునకు గొడుగు పట్టినది. కాళిదాసుని ప్రతిభను తక్కువ చేయుటకు ఈ మాట చెప్పుట లేదు. దైవము నాటకములలోనికి ఏ ద్వారమున వచ్చునో చూపుటకు చెప్పుచున్నాను.

ఇప్పుడు మన తెలుగు రంగస్థలమునకు వత్తము. అప్పటి మద్రాసు రాష్ట్రమున చేరియుండిన బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు న్యాయవాదిగా నుండిరి. 1853లో పుట్టి 1912లో స్వర్గస్థులైన ఆ మహనీయుని ఆంధ్రనాటకపితామహుడని మనము గౌరవించుచున్నాము. సరసవినోదినీ సభను నెలకొల్పి, తాము నాటకములు వ్రాసి, తామే వేషము కట్టి ఆడిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర వారు రచించిన విషాదసారంగధరము తెలుగున మొదటి విషాదాంతనాటకమని పేరుపొందినది. నాటకము పేరులోనే విషాదమను మాట పెట్టుట సామాన్యమైన సాహసము కాదు. ఏ కథకు సిద్ధుని చికిత్స ఫలశ్రుతియో, ఆ కథను చికిత్స లేకుండ విడిచిరి. చౌరంగి కావలసిన సారంగధరుడు చౌరంగి కాలేదు. మంగళాంతమునకు అలవాటుపడినవారికి అది అపశకునముగా తోచుటలో వింతలేదు.

ఆ యొక్క మార్పువలన కలిగిన ఫలితము గమనింపదగినది. సిద్ధుడున్నంతవఱకు తండ్రి తప్పు తీరిపోయిన అప్పువంటిది. చేతులు మొలిచినవి, కాళ్లు వచ్చినవి, కుమారుడు మహాసిద్ధుడైనాడు. ఇక రాజునెవ్వరు నిలదీయుదురు? పైపెచ్చు ఆ శిక్షయే అతనికి సిద్ధిమార్గమైనదని అందురు. సిద్ధుని తొలగించినంతనే ఆ అప్పు వడ్డీతో కూడ రాజు తలపైకి వచ్చి పడినది. కాళిదాసు దైవమును తెచ్చి రాజును కాపాడినాడు. ధర్మవరమువారు దైవమును తీసివేసి రాజును కాపాడకుండ విడిచినారు. న్యాయస్థానముల పరిచయముగల కవి గనుక, ప్రతివాదిని వినక చెప్పిన తీర్పు ఎట్టిదో వారికొకరు చెప్పవలసిన పనిలేదు.

నాటకములలోను, తరువాత 1957లో వచ్చిన చలనచిత్రములోను ప్రచారమందున్న మఱియొక అంశము కలదు. చిత్రాంగి మొదట సారంగధరునకు నిశ్చయింపదలచిన కన్య. ఆమె మనస్సున నిలిపికొన్నది అతని రూపము. తుదకు తాళి కట్టించుకొన్నది తండ్రికి. ఈ యంశమును చేర్చినచో కథకు మూలము మఱియు వెనుకకు జరుగును. చిత్రాంగి చేసిన నింద ఘోరమే, దానిని సమర్థింపను. కాని కోడలు కావలసిన పిల్లను భార్యగా చేసికొనుమని ఏ గ్రహము రాజునకు చెప్పినది? ఆమె విషయమున తలవ్రాత యను మాట మనకెన్నడును జ్ఞాపకమునకు రాదు. రాజు విషయమునను, రాకుమారుని విషయమునను మాత్రమే వచ్చును. తలవ్రాతను కూడ మనము మనిషిని చూచి పంచుచున్నామన్నమాట.

ఇట్లన్నంతనే, సంస్కృతము చదివిన పంతులు కర్మసిద్ధాంతమును కాదనుచున్నాడా యని కొందఱికి సందేహము కలుగవచ్చును. నేను కాదనుట లేదు. దైవమును, పురుషకారమును రెండు చక్రములని, ఒంటిచక్రముతో రథము నడవదని యాజ్ఞవల్క్యస్మృతి అభిప్రాయము. నేను చెప్పునది ఇంతియే. కర్మసిద్ధాంతము బాధపడువాడు తన బాధను ఓర్చుకొనుటకు చెప్పబడినది. బాధపెట్టినవాడు తప్పించుకొనుటకు చెప్పబడలేదు. కొండమీద పడియున్న సారంగధరుడు "ఇది నా పూర్వకర్మము" అనుకొన్నచో అది ధైర్యము. మేడలో కూర్చున్న రాజు "అది వాని పూర్వకర్మము" అన్నచో అది అధర్మము. మాట ఒక్కటే, పలికిన నోటిని బట్టి దాని విలువ మాఱుచున్నది. ధర్మశాస్త్రములు రాజునకు వ్యవహారదర్శనమును విధించినవి. సాక్షులను పిలువవలెను, ఉభయులను వినవలెను. విధియే అంతయు చేయునని ఋషులు నమ్మియుండిన, సాక్షులను గూర్చి అన్ని ప్రకరణములు వ్రాయవలసిన పనియేమి?

ఇది కేవలము నాటకవిమర్శ యని మీరు తలపవలదు. నేను ముప్పదియేండ్లకు పైగా ఈ నల్లగొండ జిల్లాలో బడిపంతులుగా పనిచేసితిని. నా తరగతిలో పండ్లు పసుపు గోధుమవన్నె చారలు తేలిన పిల్లలను ప్రతియేట చూచితిని. వంగిన కాళ్లతో ఇద్దఱి భుజములపై చేతులు వేసికొని బడికి వచ్చిన బాలుని చూచితిని. మెడ త్రిప్పలేక, నల్లబల్లవైపు చూచుటకు శరీరమంతయు త్రిప్పిన బాలికను చూచితిని. వారి తల్లులను అడిగినప్పుడెల్ల వచ్చిన జవాబు మీకు తెలిసినదే: "వాళ్ల రాత సారూ. ఏ జన్మల ఏం చేసిన్రో." మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఈ మాట తరతరములుగా చెల్లినది.

అది రాత కాదు, నీరు. భూగర్భమందలి రాతిపొరలనుండి ఫ్లోరైడు అను లవణము బావులలోనికి దిగి, త్రాగినవారి పండ్లను, ఎముకలను, కీళ్లను పట్టినది. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో వైద్యులు ఇట్టి ఎముకలవ్యాధిని పరిశీలించి, కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడని ప్రకటించిరి. త్రాగునీటియందు అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. నాగపురమందలి జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థవారు పటికయు, సున్నమును కలిపి, నీటిని కదిపి, తేర్చి, ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని 1970ల నాటికి రూపొందించి ప్రచారము చేసిరి. దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. మన జిల్లా పేరు లోకమున ఒక మంచినీటి పద్ధతికి నిలిచినది; ఆ పేరు వచ్చుటకు మన పిల్లల కాళ్లు వంగవలసివచ్చినది. తరువాత కృష్ణానది నీరు గొట్టములలో పల్లెలకు చేరినది.

నాగపురమువారు సిద్ధులు కారు. వంగిన యెముకను మరల చక్కచేయు మందు వారియొద్ద లేదు. వారు చేసినది ఒక్కటే: విచారించిరి. బావినీటిని తీసికొని పరీక్షించిరి. తలవ్రాత యని తలూపి ఊరకుండక, ఎందుచేత యని అడిగిరి. ఆ ప్రశ్న ముందుతరమువారు అడిగియుండిన ఎన్ని కాళ్లు నిలిచియుండెడివో! ధర్మవరమువారి విషాదాంతము ఇందుచేతనే నాకు నిజముగా తోచుచున్నది. పోయిన యవయవము తిరిగిరాదని తెలిసినవాడే కత్తి ఎత్తకముందు విచారించును. సిద్ధుడు వచ్చి మొలిపించునని నమ్మినవానికి విచారణ యొక తీరుబడి పని.

అయినను మన పూర్వులు సారంగధరుని అట్లే కొండపై విడువలేకపోయిరి. కథ వారిచేత మఱియొక మెట్టు ఎక్కినది. 1656 ప్రాంతమున కాకునూరి అప్పకవి చెప్పిన వృత్తాంతము మీలో కొందఱెఱుగుదురు. నన్నయ రచించిన ఆంధ్రశబ్దచింతామణిని భీమకవి గోదావరిలో కలిపివేయగా, రాజరాజు కుమారుడు సారంగధరుడు దానిని కంఠస్థముగా నిలిపియుంచి, సిద్ధుడై చిరకాలము జీవించి, మతంగపర్వతమున బాలసరస్వతికి అనుగ్రహించెనట. ఆ ఎలకూచి బాలసరస్వతి మన మహబూబునగరము సీమలోని జటప్రోలు సంస్థానకవి. సురభి మాధవరాయల యాస్థానమును అలంకరించినవాడు. ఆ వ్యాకరణమునకు టీక వ్రాసినవాడు. చరిత్రదృష్టితో చూచిన ఇది నిలువదు. కాని దీనిని కల్పించిన మనస్సును చూడుడు. అసత్యవాక్యముచేత అవయవములు పోగొట్టుకొన్నవానికి సాధుశబ్దములను కాపాడు పని అప్పగించినది. అబద్ధపు మాట ఎంతపని చేయునో వానికంటె ఎవరికి బాగుగా తెలియును? దైవికకల్పనలు రాజునకు గొడుగు పట్టుటయే గాక, ఒక్కొక్కప్పుడు బాధితునకు పీట వేయుటయు కలదు. నాకీ కల్పన ఇష్టము.

కాబట్టి శ్రోతలారా, మీ గ్రామమునకు భాగవతులు వచ్చి ఈ కథ నాడినప్పుడు తప్పక పొండు. పావురము వ్రాలునప్పుడు పిల్లలతోకూడ సంతోషింపుడు; సిద్ధుడు వచ్చునప్పుడు చేతులు జోడింపుడు. కాని చిత్రాంగి మాట విని రాజు తల ఎత్తునప్పుడు మాత్రము కన్ను మరల్చక చూడుడు. అతడు ఏమియు అడుగక నోరు తెఱచి ఆజ్ఞ యిచ్చునంతవఱకు గడచు ఆ కొద్ది కాలముననే మనుష్యుని పాలు అంతయు నున్నది. ఇంటికి మరలునప్పుడు మీ ప్రక్కవాడు తలవ్రాత యన్నచో, ఎవరి చేతివ్రాత యని ఒక్కసారి అడుగుడు.

ఇక సెలవు.